ఇంజన్ విప్పి చదువుకున్న నాయుడు

పాత అంబాసిడర్ కారు ఒకటి షెడ్డుకు వచ్చిందనుకోండి. ఇంజన్ మొత్తం విప్పారు. క్యామ్‌షాఫ్ట్ అరిగిపోయింది, కొత్తది వేయాలి. కేటలాగులో మూడు రకాలున్నాయి. ఒకటి కంపెనీ వేసిన మామూలుది, ఒకటి కాస్త పవర్ పెంచేది, ఇంకోటి రేసు కార్లకు వేసేది. మీరు మెకానికల్ బీటెక్. ఏది వేస్తారు?

మనలో చాలామంది చెయ్యి మూడోదాని మీదికే పోతుంది. పవర్ ఎక్కువుంటే మంచిదే కదా అనిపిస్తుంది. అనుభవమున్న మెకానిక్ అయితే కేటలాగు పక్కన పెట్టి ముందు మిమ్మల్నే అడుగుతాడు: ఈ కారుతో ఏం చేస్తారు? ఎంతమంది ఎక్కుతారు? ఏ రోడ్డు మీద, ఎంత స్పీడులో తిరుగుతుంది? ఇవి తెలియకుండా క్యామ్ ఎంచుకోవడం కుదరదు. ఇంటర్వ్యూలో ఎవరైనా ఈ ప్రశ్న వేస్తే వాళ్లు చూసేది కూడా మీరు ఇలా తిరిగి అడుగుతారా లేదా అనే.

ఇలా అడగడం ఒక మనిషికి జీవితమంతా అలవాటు. ఆయన చదివింది మూడో తరగతి వరకే. కానీ ఒక ఇంజనీరింగ్ కాలేజీకి ప్రిన్సిపాల్ కూడా అయ్యారు. పేరు గోపాలస్వామి దొరైస్వామి నాయుడు. జీడీ నాయుడు అంటే కోయంబత్తూరులో తెలియనివారుండరు. తమిళనాడులో తరతరాలుగా ఇంట్లో తెలుగే మాట్లాడే కుటుంబాల్లో ఆయనది ఒకటి. మన పాఠాల్లో మాత్రం ఆయన పేరు పెద్దగా కనిపించదు.

1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో రైతు కుటుంబంలో పుట్టారు. బడి అంటే పడేది కాదు. పంతులు మీద ఇసుక చల్లి బడి నుంచి బయటపడ్డాడని ఇప్పటికీ అక్కడ కథలుగా చెప్పుకుంటారు. పొలం పనుల్లో ఉన్న ఆ కుర్రాడు ఒకరోజు ఊళ్ళోకి వచ్చిన ఒక బ్రిటిష్ రెవెన్యూ అధికారి రడ్జ్ మోటారు సైకిల్ చూశాడు. ఎద్దు లేదు, గుర్రం లేదు, బండి దానంతట అదే పోతోంది. అంతే, అది ఎలాగైనా కావాలి.

ఊరు వదిలి కోయంబత్తూరు వచ్చి ఒక హోటల్లో సర్వర్‌గా చేరారు. మూడేళ్ళ పాటు డబ్బు కూడబెట్టారు. చివరికి ఆ అధికారి దగ్గరే మూడు వందల రూపాయలకు ఆ బండి కొన్నారు. కొన్నాక వెంటనే ఎక్కి తిరగలేదు. ముందు పూర్తిగా విప్పేశారు. ప్రతి ముక్కనూ బయటపెట్టి, చూసి, మళ్ళీ బిగించారు. అది మళ్ళీ స్టార్ట్ అయ్యింది. ఆయన చదువు అక్కడే మొదలైంది.

ఆ ఇంజన్‌లో ఏముందో కాసేపు చూద్దాం. ఇది తెలియకపోతే ఆయన చేసింది ఎంత పెద్ద పనో అర్థం కాదు. ఆ కాలపు రడ్జ్‌లో ఒకే సిలిండర్. పెట్రోలు-గాలి మిశ్రమాన్ని లోపలికి తెచ్చే వాల్వు పైన ఉంటుంది, పొగ వదిలే వాల్వు పక్కన ఉంటుంది. పాత మహీంద్రా జీపుల్లో వచ్చిన 2.2 లీటర్ల హరికేన్ పెట్రోలు ఇంజన్‌దీ ఇదే అమరిక. మా కుందుర్పి వైపు ఎవరి షెడ్డులోనైనా అలాంటి జీపు మిగిలి ఉంటే బానెట్ ఎత్తించి చూడండి. నాయుడు విప్పిన అమరికే పెద్ద సైజులో కనిపిస్తుంది.

ఈ వాల్వులను తెరిచి మూసేది క్యామ్. కోడిగుడ్డులా ఒకవైపు ఉబ్బిన ఇనుప ముక్క అది. క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది. అందుకే క్యామ్ గేరుకు క్రాంక్ గేరు కంటే రెట్టింపు పళ్ళుంటాయి. క్యామ్ గేరుకు 40 పళ్ళున్నాయనుకోండి. బిగించేటప్పుడు ఒక్క పన్ను పక్కకు జరిగితే క్యామ్ 9 డిగ్రీలు తప్పుతుంది, క్రాంక్ లెక్కలో అది 18 డిగ్రీలు. ఇంజన్ స్టార్ట్ కాదు, అయినా మూలుగుతూ నడుస్తుంది. మాన్యువల్ చదవలేని, ఇంగ్లిషు సరిగా రాని ఒక పల్లెటూరి కుర్రాడు ఇవన్నీ విప్పి, గుర్తు పెట్టుకుని, మళ్ళీ అదే చోట కూర్చోబెట్టాడు. నా లెక్కలో ఆయన జీవితంలో అన్నిటికంటే పెద్ద పరీక్ష ఇదే. మిగతావన్నీ దీని తర్వాత వచ్చినవే.

మెకానిక్‌గా పేరొచ్చాక కొన్నాళ్ళు పత్తి వ్యాపారం వైపు వెళ్ళారు. సంపాదించారు, బొంబాయి వెళ్ళి అక్కడ పోగొట్టుకున్నారు. ఈ భాగం త్వరగా దాటేద్దాం. దీనివల్ల తేలిందొక్కటే, ఆయన మళ్ళీ యంత్రాల దగ్గరికి వచ్చారు. కోయంబత్తూరులో రాబర్ట్ స్టేన్స్ అనే ఇంగ్లిషు పారిశ్రామికవేత్త సాయం చేశారు. 1920లో ఒక బస్సు కొని పొల్లాచ్చి నుంచి పళనికి నడపడం మొదలుపెట్టారు. డ్రైవర్ ఆయనే, మెకానిక్ ఆయనే.

ఇప్పుడు మన అంబాసిడర్ ప్రశ్నకు వద్దాం. బస్సు పని ఏమిటో ఒక్కసారి ఊహించండి. మట్టి రోడ్డు, నిండా జనం, పైన మూటలు. ప్రతి ఊళ్ళోనూ ఆగాలి, ఆగిన చోటు నుంచి మళ్ళీ బరువుతో కదలాలి. ఇంజన్ బలం కిందనే, అంటే తక్కువ ఆర్పీఎంలోనే కావాలి. ఐదు వేల ఆర్పీఎం దగ్గర ఎంత పవర్ వచ్చినా ఆ డ్రైవర్‌కు ఉపయోగం లేదు, అంతవరకు ఇంజన్‌ను తిప్పే సందర్భమే రాదు. అందుకే ఆ కాలపు బస్సు ఇంజన్లు నిదానంగా తిరిగేవి, వాటి క్యామ్‌లూ నిదానమైనవే.

అంబాసిడర్‌ది కూడా దాదాపు అదే కథ. ఆ కారులో 1959 నుంచి వచ్చిన 1489 సీసీ బీఎంసీ ఇంజన్‌కు బోర్ 73.025 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 88.9 మిల్లీమీటర్లు. కాలిక్యులేటర్ తీసి నాలుగు సిలిండర్లకు వేసి చూడండి, 1489 వస్తుంది. బోర్ కంటే స్ట్రోక్ బాగా ఎక్కువ, క్రాంక్‌ను మోసే మెయిన్ బేరింగులు మూడే. ఎక్కువ ఆర్పీఎంకు తిప్పడానికి పుట్టిన ఇంజన్ కాదిది. లాగడానికి పుట్టింది.

దీని అన్నలాంటిది ఇంగ్లండులో ఎంజీబీ అనే స్పోర్ట్స్ కారులో వచ్చింది. అదే వంశం, 1798 సీసీ. దాని క్యామ్ లెక్కలు పాత కార్ల వాళ్ళకు నోటికి వస్తాయి. లోపలికి తీసుకునే వాల్వు పిస్టన్ పైకి చేరడానికి 16 డిగ్రీల ముందే తెరుచుకుంటుంది, పిస్టన్ అడుగుకు వెళ్ళి తిరిగి 56 డిగ్రీలు పైకొచ్చాక మూసుకుంటుంది. 16, 180, 56 కలిపితే 252 డిగ్రీలు. పొగ వదిలే వాల్వు అడుగుకు 51 డిగ్రీల ముందు తెరుచుకుని, పైకి చేరిన 21 డిగ్రీల తర్వాత మూసుకుంటుంది. అదీ 252. రెండు వాల్వులూ ఒకేసారి తెరిచి ఉండేది 16, 21 కలిపి 37 డిగ్రీలు. దీన్నే ఓవర్‌ల్యాప్ అంటారు.

రేసు క్యామ్‌లో ఈ 252 కాస్తా 300 దగ్గరికి పోతుంది. వాల్వు ఎక్కువసేపు తెరిచి ఉంటుంది కాబట్టి పై ఆర్పీఎంలో గాలి బాగా నిండుతుంది, పవర్ పెరుగుతుంది. కానీ నిదానంగా పోయేటప్పుడు? పిస్టన్ పైకి వస్తుంటే వాల్వు ఇంకా మూసుకోదు. లోపలికి వచ్చిన మిశ్రమంలో కొంత వెనక్కి పోతుంది. ఓవర్‌ల్యాప్ పెద్దది కాబట్టి పొగ కూడా కొంత తిరిగి కలుస్తుంది. ఐడిల్‌లో ఇంజన్ ఎగిరెగిరి పడుతుంది, మొదటి గేరులో లాగదు, పెట్రోలు తాగుతుంది. దాన్ని సరిచేయాలంటే కంప్రెషన్ రేషియో పెంచాలి, కార్బ్యురేటర్ మార్చాలి, వాల్వు స్ప్రింగులు మార్చాలి, సైలెన్సర్ పైపు మార్చాలి, గేరు రేషియోలు చూడాలి. మార్చింది ఒక్క ముక్కే అనుకుంటాం, తీరా చూస్తే బండి మొత్తం మార్చాల్సి వస్తుంది. పెళ్ళిళ్ళకు, ఊరు తిరగడానికి వాడే అంబాసిడర్‌కు మామూలు క్యామ్ వేయడమే మంచిది. హైవే మీద ఎక్కువ తిరుగుతుందంటే రెండోది ఆలోచించొచ్చు. ఏది వేసినా పాత ట్యాపెట్లను కొత్త క్యామ్ మీద మళ్ళీ వాడకండి, రెండూ ఒకటినొకటి తినేస్తాయి.

జీడీ నాయుడు ఒక్క బస్సు దగ్గర ఆగలేదు. యూఎంఎస్ అని అందరూ పిలిచే యూనివర్సల్ మోటార్ సర్వీస్ పెట్టారు. 1933 నాటికి దానిలో 280 బస్సులున్నాయని ఆయన జీవితం రాసినవాళ్ళు లెక్క చెబుతారు. పదమూడేళ్ళలో ఒకటి నుంచి 280. బస్సులంటే కొని రోడ్డు మీద వదిలేసేవి కావు కదా. ప్రతి రాత్రీ కొన్ని చెడి వస్తాయి, తెల్లారేసరికి బయలుదేరాలి. అంటే వెనుక పెద్ద వర్క్‌షాపు, దానిలో చేతి పని తెలిసిన మనుషులు ఉండాలి. ఆయనకు కుర్రాళ్ళకు పని నేర్పించడం మీద పట్టుదల ఇక్కడే పుట్టిందని నా అనుమానం. డిగ్రీ ఉన్నవాళ్ళ కోసం చూస్తూ కూర్చుంటే ఆ 280 బస్సుల్లో సగం షెడ్డులోనే ఉండేవి.

1930లలో ఐరోపా వెళ్ళారు. కెమెరాలంటే ఇష్టం. 1936లో లండన్‌లో ఐదో జార్జి రాజు అంతిమయాత్రను తనే ఫిలిం తీసుకున్నారు. జర్మనీలో యంత్రాల తయారీ దగ్గరగా చూశారు. రసాంత్ అనే షేవింగ్ రేజర్ తయారు చేశారు. బ్యాటరీ సెల్‌తో నడిచే చిన్న మోటారు దానిలో ఉంటుంది. పల్చటి షేవింగ్ బ్లేడ్లు, కిరోసిన్‌తో తిరిగే ఫ్యాన్, పళ్ళరసం తీసే యంత్రం, ఓట్లు నమోదు చేసే యంత్రం, ఇలా జాబితా పొడుగ్గానే ఉంటుంది. కిరోసిన్ ఫ్యాన్ వింటే ఇప్పుడు నవ్వొస్తుంది. కరెంటు లేని పల్లెలో ఎండాకాలం మధ్యాహ్నం ఎలా ఉంటుందో తెలిసినవాడికే ఆ ఆలోచన వస్తుంది.

మనకు, ముఖ్యంగా అనంతపురం జిల్లావాళ్ళకు, దగ్గరైన సంగతి ఇంకోటుంది. 1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి కోయంబత్తూరులో విద్యుత్ మోటారు తయారు చేయించారు. దేశంలో తయారైన మొదటి విద్యుత్ మోటారుగా దాన్నే చెబుతారు. తర్వాత అదే ఊరు మోటార్లకు, పంపులకు దేశంలోనే పెద్ద కేంద్రమైంది. కుందుర్పి, కళ్యాణదుర్గం చుట్టుపక్కల వాన మీద నమ్మకం పోయి బోరు మీద బతికే రైతులే ఎక్కువ. బోరులో నీళ్ళు దిగజారినకొద్దీ మోటారు ఇంకా లోతుకు దింపాలి. పైకి లాగిన మోటారు మీద అంటించిన రేకు ఒక్కసారి చదవండి. కోయంబత్తూరు అన్న పేరు ఎన్నిటి మీద ఉంటుందో మీకే తెలుస్తుంది. ఆ మోటారు ఎంచుకునేటప్పుడు కూడా ప్రశ్న అదే. ఎన్ని అడుగుల లోతు, ఎన్ని నీళ్ళు, ఎన్ని స్టేజీలు? హార్స్‌పవర్ ఎక్కువున్నది తెచ్చి దింపితే నీళ్ళు ఎక్కువ రావు, బోరు త్వరగా ఎండుతుంది, మోటారు కాలిపోతుంది. వైండింగ్ షాపుల వాళ్ళ కంటే ఈ సంగతి బాగా తెలిసినవాళ్ళు ఉండరు.

1941లో ఐదు వాల్వుల రేడియో సెట్టును 70 రూపాయలకే ఇవ్వగలనని ప్రకటించారు. 1952లో ఇద్దరు కూర్చునే పెట్రోలు కారు తయారు చేశారు, ఖరీదు రెండు వేల రూపాయలు. ప్రభుత్వం తయారీకి లైసెన్సు ఇవ్వలేదు. అవి లైసెన్సుల రోజులు, ఏం తయారు చేయాలో, ఎన్ని చేయాలో ఢిల్లీ చెప్పాలి.  ఆయన కారుకు లైసెన్సు వచ్చి ఉంటే అమ్ముడుపోయేదా? ఏమో, రోడ్డు మీదికి రాని బండి గురించి గొప్పలు చెప్పుకోవడం నాకిష్టం లేదు. కానీ అది కాగితం మీద గీసిన బొమ్మ కాదు. తయారైన కారు. తేడా ఉంది.

ఇక మీకు నేరుగా తగిలే విషయం. 1944లో మోటారు వ్యాపారం నుంచి తప్పుకుని చదువుల వైపు తిరిగారు. 1945లో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పాలిటెక్నిక్, ఆర్థర్ హోప్ ఇంజనీరింగ్ కాలేజీ మొదలయ్యాయి. అప్పటి మద్రాసు గవర్నర్ పేరు పెట్టారు. మూడో తరగతి చదివిన నాయుడు వాటికి ప్రిన్సిపాల్. ఆయన వాదన సూటిగా ఉండేది. ఇంజనీరింగ్‌కు నాలుగేళ్ళు ఎందుకు, కాలం వృథా, పని పక్కన పెట్టుకుని నేర్పిస్తే రెండేళ్ళు చాలు. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన రాజీనామా చేసి వెళ్ళిపోయారు.

ఎవరిది రైటు? నాలుగేళ్ళు చదివి ఒక్కసారి కూడా ఇంజన్ విప్పకుండా బయటికి వచ్చేవాళ్ళు మన కాలేజీల్లో ఎంతమంది ఉన్నారో మీకు నేను చెప్పక్కర్లేదు. ల్యాబులో గేటు వాల్వు బొమ్మ గీసి రికార్డు సంతకం చేయించుకుంటే పాసు. ఆ కోణంలో నాయుడు మాటకు నేను చేతులెత్తి ఒప్పుకుంటా. కానీ పూర్తిగా కాదు. ఆయన రెండేళ్ళు చాలనడం వెనుక ఆయన సొంత సంవత్సరాలు బోలెడున్నాయి. రడ్జ్ విప్పిన రోజులు, బస్సు కింద పడుకున్న రాత్రులు, వర్క్‌షాపు నడిపిన కాలం. అవి ఏ సిలబస్‌లోనూ ఉండవు. రెండేళ్ళ కోర్సు ముగించుకుని బయటికొచ్చే కుర్రాడికి అవి ఉండవు. పైన మనం వేసుకున్న 56 డిగ్రీల లెక్క చూడండి. వాల్వు ఆలస్యంగా మూసుకుంటే కింది ఆర్పీఎంలో ఎందుకు నష్టం, పైన ఎందుకు లాభం? చేత్తో విప్పితే ఏం జరుగుతుందో తెలుస్తుంది. ఎందుకు జరుగుతుందో తెలియాలంటే గాలికి బరువుంటుందని, దానికీ వేగం ఉంటుందని, వేగంగా వచ్చే గాలి పిస్టన్ ఆగినా లోపలికి తోసుకొస్తూనే ఉంటుందని పుస్తకంలో కూర్చుని చదవాలి. థర్మోడైనమిక్స్ బోరు కొట్టొచ్చు, అయినా అది లేకుండా ఈ లెక్క ముందుకు పోదు.

ఉద్యోగాల వేటలో ఉన్న మీకు ఇక్కడ చేయదగ్గ పని ఒకటుంది, ఖర్చు కూడా తక్కువే. పాత జీపో అంబాసిడరో రిపేరు చేసే షెడ్డు దొరికితే సెలవుల్లో వెళ్ళండి. 360 డిగ్రీల చక్రం ఒకటి కాగితం మీద ప్రింటు తీసి అట్టకు అంటించి క్రాంక్ పుల్లీకి బిగించండి. వంచిన తీగ ముక్క ఒకటి సూచికగా సరిపోతుంది. ట్యాపెట్ మీద డయల్ గేజి పెట్టి క్రాంక్‌ను చేత్తో నిదానంగా తిప్పుతూ ప్రతి ఐదు డిగ్రీలకూ వాల్వు ఎంత లేచిందో రాసుకోండి. సాయంత్రానికి మీ నోట్‌బుక్‌లో ఆ క్యామ్ మొత్తం గ్రాఫుగా వచ్చేస్తుంది. రెజ్యూమెలో ప్రాజెక్టు కింద అందరూ రాసేది కాపీ కొట్టిన నాలుగు లైన్లు. మీరు ఆ గ్రాఫు పెట్టండి. ఆటోమొబైల్ కంపెనీ ఇంటర్వ్యూలో ఎదురుగా కూర్చున్నవారు దాని గురించి అడగకుండా ఉండలేరు, అడిగితే మీరు అరగంట మాట్లాడగలరు. మన జిల్లా వైపు పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ 2019 నుంచి కార్లు తయారు చేస్తోంది, దాని చుట్టూ విడిభాగాల కంపెనీలూ వచ్చాయి. బెంగళూరు ఎలాగూ పక్కనే.

కాలేజీ వదిలాక నాయుడు ఖాళీగా కూర్చోలేదు. పొలం మీద పడ్డారు. పత్తి, బొప్పాయి, మొక్కజొన్న మీద సొంతంగా ప్రయోగాలు చేశారు. ఆ తోట చూడటానికి సీవీ రామన్, మోక్షగుండం విశ్వేశ్వరయ్య లాంటివాళ్ళు వచ్చారు. ఎన్నికల్లో కూడా ఒకసారి నిలబడ్డారు, ఓడిపోయారు. రాజకీయం ఆయనకు సరిపడే యంత్రం కాదేమో.

1974 జనవరి 4న చనిపోయారు. కోయంబత్తూరు అవినాశి రోడ్డులో ఆయన పేరుతో మ్యూజియం ఉంది. పాత కార్ల మ్యూజియాన్ని కుటుంబం 2015లో అక్కడే తెరిచింది. ఇంజన్లంటే ఇష్టమున్నవాళ్ళు బెంగళూరు నుంచి రాత్రి రైలెక్కితే పొద్దున్నే దిగొచ్చు. అదే రోడ్డు మీద ఈమధ్య కట్టిన పది కిలోమీటర్ల ఫ్లైఓవర్‌కు కూడా ఆయన పేరే పెట్టారు. ఆర్థర్ హోప్ ఇంజనీరింగ్ కాలేజీ తర్వాత వేరే చోటికి మారి, ఇప్పుడు గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీగా నడుస్తోంది. తమిళనాడులో మంచి పేరున్న సర్కారు కాలేజీల్లో అది ఒకటి. బీఈ అక్కడ నాలుగేళ్ళే.